నలభై ఒకటి దగ్గర ఆగిన గోదారి

"ఈ కొత్త రూలును అన్నిటికంటే పైన పెట్టు," అన్నాడు ప్రేమ్‌సాగర్. "మన ఆఫీసు రూలొక్కటే దాని మీద ఉండాలె. కిందెక్కడో పెడితే దాని దాక రానే రాదు."

రోజారాణి కర్సర్‌ను ఫైలు మొదటికి తీసుకుపోయింది. పాల్వంచ బస్టాండు వెనక మేడ మీద రెండు గదుల ఆఫీసు అది. కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టాల బూడిద కిటికీ సందుల్లోంచి వచ్చి కీబోర్డు మీద పడుతుంది. పొద్దున తుడిస్తే మధ్యాహ్నానికి మళ్ళీ వేళ్ళకు గరగర తగులుతుంది. వానలు మొదలయ్యాక ఆ బూడిద తడిసి మీటల సందుల్లో ముద్ద కడుతోంది. ఆమె జడపిన్నుతో ఒక మీట చుట్టూ గీరి, ఆ చేత్తోనే కొత్త రూలు రాయడం మొదలుపెట్టింది.

గోదారి ఒడ్డు ఊళ్ళలో నెట్ కేంద్రాలు ఉన్నాయి. అక్కడ ఎవరైనా ఒక పేజీ అడిగితే ఆ అడిగింది ముందు వీళ్ళ మిషను దగ్గరికి వచ్చి ఆగుతుంది. మిషనులో రూల్స్ ఒకదాని కింద ఒకటి ఉంటాయి. ఎవరు అడిగారు, ఏం అడిగారు అని పైనుంచి చూసుకుంటూ దిగుతుంది. ఏది ముందు సరిపోతే దాని ప్రకారం జవాబు పోతుంది. దాని కిందివాటిని ఇక చూడదు. కొన్ని పేజీలు జిల్లా మిషను దాకా పోయి తాజాగా వస్తాయి. కొన్నింటికి ఇక్కడ దాచి ఉంచిన నకలే పోతుంది.

వానలతో లైను బరువెక్కింది. సర్టిఫికెట్ల పేజీ తెరుచుకోవడం లేదని కేంద్రాల నుంచి ఒకటే ఫోన్లు. అందుకే ఈ కొత్త రూలు. ఒడ్డు ఊళ్ళ నుంచి ఏది అడిగినా దాచిన నకలే పంపాలి. ఆ నకలు ఒక రోజంతా చెల్లుతుంది.

"నీళ్ళ పేజీ ఉంది గద సార్," అన్నది రోజారాణి. "గోదారి మట్టం. దాన్ని దాచొద్దని కింద రూలు రాసి ఉంది."

"ఉంది గద మరి. ఇంకేంది?"

ఆమె వేళ్ళు ఆగాయి. రూలు రాసి ముగించి, నీళ్ళ పేజీ తెరిచింది. ముప్పై ఆరు అడుగులు. కాసేపయ్యాక మళ్ళీ తెరిచింది. మట్టం కొంచెం పెరిగింది. అంటే తాజాదే వస్తోంది. పక్క కుర్చీలో శ్రావణి చాయ్ గ్లాసులు సర్దుతూ, "చల్లారుతది అక్కా," అన్నది. రోజారాణి ఫైలు మూసి గ్లాసు అందుకుంది.

ఆమె చూసింది ఆఫీసు కంప్యూటర్‌లో. ఆఫీసుకు వేరే రూలుంది.

మూడో నాడు వాగొడ్డుగుంపు కేంద్రంలో ఇన్వర్టర్ చెడిపోయింది. మెకానిక్ భాస్కర్ జ్వరంతో దవాఖానాలో ఉన్నాడు. "కార్డు తీసి కార్డు పెట్టుడే, పోయిరా," అని ప్రేమ్‌సాగర్ రోజారాణిని పంపాడు. ఆమె ఇన్వర్టర్ సర్క్యూట్ కార్డును రెండు పాలిథిన్ సంచుల్లో చుట్టి ఒళ్ళో పెట్టుకుని బస్సు ఎక్కింది. రోడ్డు మీద దిగి ఆటో మాట్లాడుకుంది.

వాగొడ్డుగుంపుకు ఒకటే దారి. మూడు దిక్కులా పత్తి చేలు, వాటి అవతల జామాయిల్ తోటలు, తోటల అవతల గోదారి. ఊళ్ళో నిలబడితే గోదారి కనబడదు. నాలుగో దిక్కున వాగు, దాని మీద రెయిలింగు లేని కల్వర్టు.

కల్వర్టు మీద ఆటో నెమ్మదించింది. నీళ్ళు స్లాబుకు కొంచెం కిందనే ఉన్నాయి, ఎర్రగా, నిండుగా. వాగులో పారుడు లేదు. గోదారి వైపు పోవాల్సిన మోదుగు కొమ్మ ఒకటి ఆకులతో సహా వెనక్కి, అడవి వైపు తేలుతోంది. ఆటో అతను దాన్ని చూసి బీడీ పారేశాడు.

"మిమ్మల్ని దింపి పోత మేడం. ఆగను," అన్నాడు.

"నన్నెవరు తీసుకపోతరు మరి?"

"ఊళ్ళ ట్రాక్టరున్నది," అన్నాడతను. ఆమె దిగీ దిగకముందే బండి తిప్పుకున్నాడు.

పంచాయతీ గది పక్కన నెట్ కేంద్రం. తలుపు పక్కన గోడకు నల్లబోర్డు, అది తడవకుండా పైన రేకు. బొజ్జయ్య బోర్డు ముందు నిలబడి ఉన్నాడు. ముప్పై అయిదేళ్ళ కోయ మనిషి. చొక్కా లోపలికి దోపుకుని, చెవి మీద చాక్‌పీస్ పెట్టుకున్నాడు. పొద్దున రాసిన అంకెను తడి గుడ్డతో తుడిచి, బోర్డు ఆరేదాకా నోటితో ఊది, మళ్ళీ అదే అంకె రాశాడు. నలభై ఒకటి. దాని చుట్టూ నాలుగు పలకల గీత గీశాడు.

"ఎంతరా బొజ్జయ్యా?" అన్నది భీమక్క. యూరియా సంచి నెత్తిన కప్పుకుని, చంకలో మేకపిల్లను పెట్టుకుని వచ్చింది.

"నలభై ఒకటే అత్తా. నిన్న పొద్దుగూకినకాడి నుంచి కదుల్తలేదు."

"నా లెక్కనే మోకాళ్ళ నొప్పులేమో దానికి."

"నీకు నొప్పులుంటే గిన్ని మేకలెంబడి ఉరుకుతవా?"

అరుగు మీద కూర్చున్న మగవాళ్ళు నవ్వారు. మేకపిల్ల భీమక్క చెంప నాకింది. రోజారాణి చెప్పులు గుమ్మం దగ్గర విడిచి లోపలికి పోయింది.

ఇన్వర్టర్ మూత విప్పుతుంటే బొజ్జయ్య పక్కన టార్చిలైటు పట్టుకుని కూర్చున్నాడు. ఊరి కట్టుబాటు చెప్పాడు. భద్రాచలం దగ్గర నలభై మూడైతే విత్తనాలు, తిండిగింజలు అటక మీదికి ఎక్కిస్తారు. నలభై అయిదైతే పశువులను విప్పి వాగు దాటిస్తారు. నలభై ఏడైతే తలుపులు వేసుకుని అందరూ దాటి రోడ్డు మీది బడికి పోతారు.

"నలభై ఎనిమిదైతే?"

"కల్వర్టు మునుగుతది. ఇగ దాటుడు లేదు."

"గోదారి దాక పోయి చూడరా ఎవరు?"

"ఇదివరకు పోయేటోళ్ళు. బోర్డున్నంక గీ వానల ఎవలు పోతరు మేడం?" అన్నాడు. ఆ మాటలో కొంచెం గర్వం ఉంది.

కార్డు పెట్టగానే ఇన్వర్టర్ గుయ్‌మన్నది. ఆ సంగతి చెప్పడానికి రోజారాణి కేంద్రంలోని ఫోన్ నుంచి ఆఫీసుకు చేసింది. శ్రావణి ఎత్తింది.

"జల్దీ వచ్చెయ్ అక్కా. భద్రాచలంల నలభై ఆరంట."

"ఎవరు చెప్పిండ్రు?"

"ఎవరో చెప్పుడేంది? నా ముందల స్క్రీన్ మీదుంది."

రోజారాణి తల తిప్పి బొజ్జయ్య కంప్యూటర్ చూసింది. నలభై ఒకటి. దాని పైన ఈ రోజు తేదీ, ఇప్పటి టైము. ఆ గడియారం పేజీతో పాటు వచ్చేది కాదు. చూసే కంప్యూటరే తన దగ్గరిది వేసుకుంటుంది. ఆమె మౌసు అందుకుని పేజీ మళ్ళీ తెరిచింది. టైము మారింది. నలభై ఒకటి మారలేదు. ఇంకోసారి తెరిచింది.

"సార్‌కియ్యి," అన్నది.

ప్రేమ్‌సాగర్ అంతా విన్నాడు. "నా దగ్గర కరెక్టే వస్తున్నది. పై ఆఫీసుల కూడ కరెక్టే. పొద్దుట్నుంచి అందరు అదే చూస్తున్నరు. నీకాడ ఉన్న కంప్యూటరే ఖరాబైంది."

"పై ఆఫీసును కూడ మన రూల్లనే కలిపినం సార్. మీకు, వాళ్ళకు తాజాది పోతది. ఊళ్ళకు నిన్నటిది పోతున్నది. నేను పెట్టిన రూలు పైనుంది. నీళ్ళ రూలు దాక రాకముందే..."

"రోజా, విను. నాకు మీటింగున్నది. ఇయ్యాల గిట్ల దాన్ని ముట్టుకుని లైను కూలితే నెత్తి మీదికొస్తది. వచ్చినంక చూద్దాం."

"వచ్చినంక ఏం చూస్తం సార్?"

ఫోను బల్ల మీద పెట్టిన చప్పుడు వినిపించింది. తర్వాత మెట్ల మీద బూట్లు. కాసేపటికి శ్రావణి గొంతు చిన్నగా వచ్చింది. "పోయిండక్కా."

"ఫైలు తెరువు. నీళ్ళ రూలు ఎక్కడుందో చూడు. దాన్ని కోసి, నేను పెట్టినదాని మీద పెట్టు."

"నా పేరు మీద పడుతదేమో."

"నా పాస్‌వర్డుతోని తెరువు. నా పేరు మీదనే పడనీ."

మీటల చప్పుడు వినిపిస్తోంది. రోజారాణి ఫోను చెవికి నొక్కి పట్టుకుని ఇక్కడ పేజీ తెరిచింది. నలభై ఒకటి. మళ్ళీ తెరిచింది. తెర ఒక్క క్షణం తెల్లగా అయి, నలభై ఆరు వచ్చింది.

వెనక నిలబడ్డ బొజ్జయ్య ముందుకు వంగాడు.

"గిదేంది మేడం? ఒక్కసారికి అయిదడుగులా? గోదారి గట్ల ఎగురది."

"ఎగురలేదు. రాత్రంత పెరుగుతనే ఉంది. మీకు చూపిచ్చింది నిన్నటిది."

"టైము ఇయ్యాలటిదే ఉండె గద."

"టైము ఇయ్యాలటిదే. అంకె నిన్నటిది."

అరుగు మీదివాళ్ళు కిటికీలోంచి తలలు పెట్టారు. ఒకడు అంకె చదివి కోయలో ఏదో అన్నాడు. మిగతావాళ్ళు పకపక నవ్వారు. "ఏమంటున్నరు?" అని అడిగింది రోజారాణి.

బొజ్జయ్య మొహమాటపడ్డాడు. "నిన్నటిదాక మంచిగుండె, మేడం వచ్చి ముట్టుకున్నంక ఖరాబైందంటున్నరు."

ఆమె బోర్డు దగ్గరికి నడవబోయింది. బొజ్జయ్య అడ్డం వచ్చి తలుపు దగ్గరగా వేశాడు. గొంతు తగ్గించాడు.

"గట్ల చెప్పకండి మేడం. ఈ బోర్డు పెట్టిన కొత్తల దీన్ని గోడకు కొట్టిన మొలకు మేకలను కట్టేటోళ్ళు. నన్ను జూసి, అంకెలాయన వచ్చిండని నవ్వేటోళ్ళు. ఇప్పుడు దీన్ని చూసినంకనే పండుకుంటున్నరు. ఒక్కసారి అబద్ధమని తెలిస్తే మళ్ళ ఎవలు చూడరు. వచ్చే ఏడాది గోదారొస్తే ఎట్ల?"

"మరేం చేద్దామంటవు?"

"మెల్లగ ఎక్కిస్త. ఇప్పుడు నలభై మూడు రాస్త. జరంత సేపైనంక నలభై అయిదు. తర్వాత నలభై ఏడు. గట్లయితే నమ్ముతరు. ఎవలకు ఏం తెల్వది."

ఎవరికీ ఏం తెలియదు. ఆ మాట రోజారాణికి చల్లగా తగిలింది. తను పోయి నలుగురి ముందు నోరు తెరవాల్సిన పని లేదు. నలభై ఏడు కావడానికి ఇంకా ఒక అడుగు ఉంది. ఆమె కిటికీలోంచి వానను చూసింది.

"జల్దీ రాయి," అన్నది.

బొజ్జయ్య తుడిచాడు, ఊదాడు, నలభై మూడు రాశాడు. చుట్టూ గీత గీశాడు. అరుగు మీది నవ్వులు ఆగిపోయాయి. ఒకరి తర్వాత ఒకరు లేచి, తొందర లేకుండా, పంచెలు పైకి కట్టుకుంటూ ఇళ్ళకు పోయారు. ఇంటింటా అటక మీదికి నిచ్చెనలు లేచాయి. ఎదురింట్లో భీమక్క మేకలను కొట్టంలోకి తోలి దడి కట్టేసింది. జొన్నల గంప ఎత్తి నిచ్చెన మెట్టు మీద పెట్టి, ఊపిరి తీసుకుని, పై మెట్టుకు ఎత్తింది. ఆమె ఒక్కతే ఉంటుంది ఆ ఇంట్లో. ఒక గంప ఎక్కించి మళ్ళీ దిగి ఇంకోటి నింపుకుంటోంది. రోజారాణి కిటికీ దగ్గర నిలబడి చూసింది. పోయి ఒక చెయ్యి వెయ్యాలనిపించింది. పోలేకపోయింది.

బొజ్జయ్య నలభై అయిదు రాశాడు. ఊళ్ళో పిలుపులు వినిపించాయి. పలుపులు విప్పారు. ఎద్దులు, ఆవులు బురదలో కాళ్ళు ఈడ్చుకుంటూ వాగు వైపు కదిలాయి. భీమక్క గింజలు మోయడం ఇంకా అవలేదు, ఆమె మేకలు కొట్టంలోనే ఉన్నాయి. పశువులను తోలుకుపోయినవాళ్ళలో ఒకడు, హేమ్లా అనే అతను, పరుగెత్తుకుంటూ తిరిగి వచ్చాడు. మోకాళ్ళ దాకా తడిసి ఉన్నాడు.

"నీళ్ళు స్లాబుకు తాకినయి," అన్నాడు. బోర్డు చూశాడు. "గిదేంది? నలభై అయిదుకు తాకయి గద."

బొజ్జయ్య చాక్‌పీస్ వేళ్ళ మధ్య తిప్పుతున్నాడు.

రోజారాణి లోపలికి పోయి పేజీ తెరిచింది. నలభై ఏడు దాటింది. బయటికి వచ్చి బొజ్జయ్య చేతిలోంచి చాక్‌పీస్ తీసుకుంది. అరచేత్తోనే తుడిచి, ఆరకముందే రాసింది. తడి బోర్డు మీద అంకె సరిగా పడలేదు. ఇంకోసారి దిద్దింది. నలభై ఏడు.

ఆడవాళ్ళు పిల్లలను ఎత్తుకుని వచ్చి నిలబడ్డారు.

"ఇది నిజం అంకె," అన్నది. "రాత్రి నుంచి నీళ్ళు పెరుగుతనే ఉన్నయి. మీకు కనబడలే. అట్ల కనబడకుండ చేసిన రూలు నేను పెట్టిందే. ఇప్పుడే దాటాలె. ఏం తీసుకోకుండ పదండి."

బొజ్జయ్య ఆ మాటలనే కోయలో మళ్ళీ చెప్పాడు. చెప్తున్నంత సేపూ నేల చూస్తూనే ఉన్నాడు. భీమక్క జుట్టు మీద జొన్న పొట్టు అంటుకుని ఉంది. ఆమె దగ్గరికి వచ్చి రోజారాణి మొహంలోకి చూసింది.

"ఇందాక నలభై మూడని రాసిండు గద. అప్పుడు నీకు ఎరికేనా?"

"అవ్. ఎరికే."

"నేను గింజలు మోస్తున్నప్పుడు?"

"అవ్."

భీమక్క తల ఊపింది, లెక్క సరిపోయినట్టు. మేకల కొట్టం వైపు పరుగెత్తింది.

ట్రాక్టరు ట్రాలీలో ముసలివాళ్ళను, పిల్లలను ఎక్కించారు. కల్వర్టు మీద నీళ్ళు పిక్కల దాకా వచ్చాయి. స్లాబు అంచు కనబడటం లేదు. మగవాళ్ళు రెండు పక్కలా వెదురు గడలు పట్టుకుని నిలబడి దారి చూపారు. ట్రాక్టరు రెండుసార్లు పోయి వచ్చింది. మూడోసారి ఇంజన్‌లోకి నీళ్ళు వచ్చి అవతలి ఒడ్డునే ఆగిపోయింది. మిగిలినవాళ్ళు చేతులు పట్టుకుని నడిచారు. రోజారాణి చంకలో ఎవరి బిడ్డో ఉంది. ఆ బిడ్డ ఏడవలేదు, ఆమె చెవి కమ్మను పిడికిట్లో పట్టుకుని నీళ్ళను చూస్తోంది. నీళ్ళు తోయడం లేదు. మెత్తగా, చప్పుడు లేకుండా పైకి లేస్తున్నాయి, అంతే.

అందరి తర్వాత భీమక్క వచ్చింది. మేకలన్నిటినీ ఒకే తాడుకు వరసగా కట్టింది. మేకలు నీళ్ళ ముందు బిగుసుకున్నాయి. ముందు రెండింటిని ఈడ్చింది. మిగతావి వెనక్కి గుంజాయి. హేమ్లా గడ వదిలి వెనక నుంచి తోశాడు. నడిమిట్లో ఒకటి స్లాబు అంచు తప్పింది. దానితో పక్కది. తాడు బిగిసి భీమక్క మోకాళ్ళ మీద పడింది.

"వదులు! అత్తా, వదులు!" అని బొజ్జయ్య అరిచాడు.

ఆమె వదలలేదు. హేమ్లా నడుములోంచి కత్తి తీసి తాడు కోశాడు. మేకల అరుపు కొంచెంసేపు వాగు మీద అడవి వైపు పోయి ఆగిపోయింది. భీమక్కను ఇద్దరు లేపి ఒడ్డుకు తెచ్చారు. ఆమె చేతిలో తాడు ముక్క ఉంది. చంకలో మేకపిల్ల అట్లాగే ఉంది.

మనుషులంతా దాటారు. బడి వరండాలో తడి బట్టలు పిండుతుంటే వెనక్కి చూశారు. కల్వర్టు కనబడలేదు. బొజ్జయ్య బడిగోడకు ఆనుకుని ఒక్కడే కూర్చున్నాడు. ఎవరూ అతన్ని ఏమీ అడగలేదు. ఎంతుంది అని కూడా అడగలేదు.

పొద్దు గుంకుతోంది. రోడ్డు మీద ఎస్టీడీ బూత్ ఇంకా తెరిచే ఉంది. రోజారాణి తడి చేతిని జుట్టుకు తుడుచుకుని నంబరు కొట్టింది.

"శ్రావణీ, ఎంతుంది?"

"అక్కా! ఎక్కడున్నవు? యాభై దగ్గరికొచ్చింది."

"మనం మార్చిన రూలు అట్లనే ఉంది గద?"

అవతల కుర్చీ కిర్రుమన్నది.

"శ్రావణీ."

"సార్ మీటింగు నుంచి ఫోన్ చేసి మళ్ళ కిందికి దింపిచ్చిండక్కా. అందరు ఒక్కసారి నీళ్ళ పేజీ చూస్తున్నరు, లైను కూలుతున్నది, మీటింగుల పేజీ తెరుచుకుంటలేదని."

"ఎప్పుడు?"

"మధ్యాహ్నమే. నలభై ఏడున్నప్పుడు."

"మరి ఒడ్డు ఊళ్ళల్ల ఇప్పుడెంత చూపిస్తున్నది?"

"యాభై అక్కా, చెప్పిన గద..."

"నీ ముందున్నది కాదు. అక్కడ, ఊళ్ళల్ల."

"అక్కడిది మనకెట్ల కనబడతది అక్కా?"

రోజారాణి కేంద్రాల ఫోన్ నంబర్లు చదివించుకుంది. బూత్ అతని బాల్‌పెన్నుతో మొదటి నంబరు అరచేతి మీద రాసుకుంది. తడి చర్మం మీద సిరా పాకింది. పర్ణశాల దిక్కు కేంద్రం అది. చాలాసేపు మోగాక ఎవరో ఎత్తారు. పెద్దమనిషి గొంతు, నెమ్మదైన గొంతు.

"మీ దగ్గర గోదారి ఎంత చూపిస్తున్నది?"

"నలభై ఏడు మేడం. మధ్యాహ్నం నుంచి ఆగింది. ఇంక తగ్గుతదనుకుంట."

"ఆగలేదు. యాభై అయితున్నది. మీ దగ్గరున్నది పాతది. మీ ఊరోళ్ళను లేపండి, పైకి తీసుకపోండి."

"టైమైతే కరెక్టే ఉందమ్మా ఇక్కడ. ఇంతకు ఎవరు మాట్లాడేది?"

"రోజారాణి. పాల్వంచ ఆఫీసు. మీకు ఆ పేజీ పంపే మిషనుకు రూలు రాసింది నేనే."

అవతల వాన రేకుల మీద పడుతున్న చప్పుడు వినిపించింది. ఆ మనిషి చిన్నగా, హాయిగా నవ్వాడు.

"మరింకేందమ్మా, మీరు పంపిందే గద. మేం దాన్నే బోర్డు మీద రాసినం," అన్నాడు. ఫోను పెట్టేశాడు.

ఆమె మళ్ళీ కొట్టింది. ఎంగేజి. రిసీవరు చేతిలో పట్టుకుని నిలబడింది. బూత్ అద్దం బయట భీమక్క నిలబడి ఉంది, మేకపిల్లను కొంగులో చుట్టుకుని. ఎప్పుడు వచ్చిందో, ఎంత విన్నదో తెలియదు. తలుపు తోసి లోపలికి ఒక కాలు పెట్టింది.

"మళ్ళ కొట్టు," అన్నది.